కనబడని తేదీ

శనివారం నాటికి డిటెక్టివ్‌కి ఒళ్ళంతా పులిసిపోయింది. రెండు రాత్రులుగా నిద్ర సరిగా లేదు. ఎడమ మోకాలు మొండికేసింది. పోలీసు ఉద్యోగం ముందుగానే వదులుకుని సొంతంగా దర్యాప్తులు చేసుకోవడం మొదలుపెట్టినప్పుడు, ఇకమీద పని తక్కువ, విశ్రాంతి ఎక్కువ అనుకుంది. పైకి ఎవరితోనూ అనలేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే నవ్విపోయేవాళ్ళు.

కేసు చూడబోతే తను రాకముందే తేలిపోయినట్టుంది. గురువారం ఉదయం ఒక నర్సింగ్‌ హోమ్‌లో లిఫ్టు మూడో అంతస్తు నుంచి జారి కింద పడింది. లోపలున్న వార్డుబాయ్ చనిపోయాడు. అతనితో పాటున్న నర్సుకు ఇంకా స్పృహ రాలేదు. ఆ లిఫ్టు బ్రేకులో అంతకుముందు రోజే కొత్త స్ప్రింగులు వేశారు. బ్రేకును బిగించి పట్టుకోవలసినవి అవే. అవి పుటుక్కున విరిగిపోయాయి. ఆ స్ప్రింగులు తయారైంది, లిఫ్టు భాగాలు చేస్తూ లిఫ్టుల సర్వీసు కూడా చూసుకునే ఒక ఫ్యాక్టరీలో. అదీ తనిఖీలో తప్పి, పక్కన పడేసిన బ్యాచ్‌లోవి.

స్టోర్స్ బాధ్యత చూసేవాడు కాబట్టి పోలీసులు గురువారం మధ్యాహ్నమే స్టోర్‌కీపర్‌ని ప్రశ్నలడగడానికి తీసుకెళ్ళారు. శుక్రవారం నాడు, ఆ బ్యాచ్‌ని అతనే ‘పాస్’ చేసినట్టు ఫ్యాక్టరీ కంప్యూటర్లో ఉందని బయటపడింది. ఇక వదల్లేదు.

“ముప్పై ఏళ్ళుగా నా దగ్గరున్న మనిషమ్మా. అబద్ధం కూడా సరిగ్గా ఆడలేడు. వాడు చేశాడంటే నేను నమ్మను” అని ఫ్యాక్టరీ యజమాని ఫోన్ చేసి ఆమెని పిలిపించాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు.

శనివారం పొద్దున్నే స్టేషన్లో స్టోర్‌కీపర్‌ని కలిసింది. గడ్డం మాసిపోయి, బెంచీ చివర ముడుచుకుని కూర్చున్నాడు.

“పనికిరావని నేను ఎర్ర స్టిక్కరు అంటించాను మేడమ్. తీయలేదు.”

“తీయమని ఎవరైనా అడిగారా?”

అతను చాలాసేపు గోడకేసి చూశాడు. “ఇంట్లో సంపాదించేది నేనొక్కణ్ణే మేడమ్” అన్నాడు.

అది తన ప్రశ్నకు జవాబేనని ఆమెకి అర్థమైంది. కోర్టుకి మాత్రం అర్థం కాదు.

*

ఫ్యాక్టరీలో కంప్యూటర్ల గది మెట్ల కింద ఉంది. అక్కడ కూర్చునే ఆఫీసర్‌ని అందరూ సిస్టమ్స్ మేడమ్ అని పిలుస్తారు. నలభై దాటిన మనిషి. కళ్ళ కింద నల్లని చారలు. డిటెక్టివ్ ఎదురుగా కూర్చుని మోకాలు చాపుకుంది.

“నాకు కంప్యూటర్లు రావు. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పండి.”

“చిన్నపిల్లలకైతే తొందరగానే అర్థమవుతుంది మేడమ్” అంది ఆవిడ, నవ్వకుండా. “ఇది ఈఆర్‌పీ అని పెద్ద సాఫ్ట్‌వేరు. కొనడం, నిల్వ, తయారీ, తనిఖీ, పంపడం, అన్నీ దీన్లోనే నడవాలి. మావాళ్ళు బిల్లు కొట్టుకోవడానికి వాడతారు. పది గదుల ఇల్లు కొనుక్కుని వరండాలో కాపురం పెట్టినట్టు.”

“మిగతా గదులో?”

“తాళాలేసి ఉన్నాయి. తాళంచెవులు నా దగ్గరే ఉన్నాయి. తెరుస్తానని ఏటా అడుగుతూనే ఉన్నాను. ఇది పాతదైపోయింది, తీసి పారేసి కొత్తది కొందాం అంటారు అల్లుడుగారు. కొత్తదైనా వీళ్ళుండేది వరండాలోనే.”

అల్లుడుగారంటే పెద్దాయన ఒక్కగానొక్క కూతురి భర్త. ఫ్యాక్టరీ నడిపేది ఇప్పుడు ఆయనే.

“తనిఖీలో తప్పిన సరుకు గేటు దాటకుండా ఆపే ఏర్పాటు దీన్లో ఉందా?”

“ఉంది. ఒక్క టిక్కు పెడితే చాలు. తనిఖీవాళ్ళు ఒప్పుకుంటే తప్ప బిల్లే రాదు. అర్జెంటు ఆర్డర్లకి అడ్డం పడుతుందని పెట్టనివ్వలేదు.”

డిటెక్టివ్ మోకాలు రుద్దుకుంటూ తెరకేసి చూసింది. కొనేసిన వస్తువు. పక్కనే ఉన్న మనిషి. ఒక్క టిక్కు. ఆ వార్డుబాయ్ ఇంటికి నిన్న వెళ్ళొచ్చింది. వాళ్ళావిడకి ఈ మాట ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

“స్టోర్‌కీపర్ పాస్‌వర్డ్ ఇంకెవరికి తెలుసు?”

“తెలియనిదెవరికి? మనిషికో లైసెన్సు కొనమంటే దండగన్నారు. స్టోర్స్ పాస్‌వర్డ్ గోడ మీద స్కెచ్ పెన్నుతో రాసుంటుంది. వచ్చేపోయేవాళ్ళకి కూడా తెలుసు.”

డిటెక్టివ్ సంచీలోంచి ఒక కంప్యూటర్ రిపోర్టు నకలు తీసి బల్ల మీద పెట్టింది. ఇది అల్లుడుగారు పెట్టుకున్న మరో దర్యాప్తు సంస్థవాళ్ళు పోలీసులకి ఇచ్చింది. బ్యాచ్ పాసైన తేదీ మంగళవారం. సరుకు గేటు దాటిందీ మంగళవారమే. పేరు స్టోర్‌కీపర్‌ది. అన్నీ అచ్చంగా అతికినట్టు సరిపోయాయి. నిజమైన కేసుల్లో ఏదీ అంత చక్కగా సరిపోదని ఆమె అనుభవం.

“ఈ మంగళవారం అన్నది ఎవరు వేశారు?”

“ఎంట్రీ చేసినవాళ్ళే. కాగితాలు ఆలస్యంగా వస్తే వెనక తేదీ వేసుకునే వీలుంటుంది మేడమ్. లెక్కలవాళ్ళకి అది రోజూ ఉండే పనే.”

“మరి బటన్ నిజంగా నొక్కింది ఎప్పుడో?”

కీబోర్డు మీద సిస్టమ్స్ మేడమ్ చేతులు ఆగిపోయాయి. తొమ్మిదేళ్ళుగా ఎవరో ఒకరు అడుగుతారని ఎదురుచూసి, ఇక అడగరులే అని వదిలేసుకున్న ప్రశ్నలా ఉంది అది.

“అది మెషీన్ తనంతట తానే రాసుకుంటుంది” అంది మెల్లగా. “మనం మార్చలేం. కానీ ఏ రిపోర్టులోనూ కనబడదు. దాచిపెట్టి ఉంటుంది. ఎవరూ అడగలేదు.”

“నేనడుగుతున్నాను.”

తెర మీద కొత్త వరుస ఒకటి తెరుచుకుంది. ఇద్దరూ ముందుకి వంగారు.

బటన్ నొక్కింది గురువారం సాయంత్రం ఐదు దాటాక. లిఫ్టు పడిపోయిన రోజు. అప్పటికి స్టోర్‌కీపర్ స్టేషన్లో బెంచీ మీదున్నాడు.

డిటెక్టివ్‌కి సంతోషం కలగలేదు. భుజాల మీది బరువు ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మారినట్టనిపించింది, అంతే. “అంటే మంగళవారం సరుకు ఏ ఎంట్రీ లేకుండానే వెళ్ళిపోయింది. మనిషి పోయాక ఎవరో కూర్చుని తీరిగ్గా పాస్ చేశారు, ఆ నేరం వేరేవాళ్ళ నెత్తిన పడేలా.”

“అవును మేడమ్. కానీ...” సిస్టమ్స్ మేడమ్ గొంతు మారింది. “ఆ నర్సింగ్ హోమ్‌కి వెళ్ళింది ఆరు స్ప్రింగులే. పాస్ బటన్‌కి ఆరు, ఏడు అని తెలియదు. బ్యాచ్ మొత్తానికి పడుతుంది.”

“మొత్తానికంటే?”

“ఆ బ్యాచ్‌లో తయారైన ప్రతి స్ప్రింగూ గురువారం సాయంత్రం నుంచి మంచిదే. కంప్యూటర్ లెక్కలో.”

డిటెక్టివ్ లేచింది. మోకాలు కలుక్కుమంది. ఆగలేదు.

*

తనిఖీలో తప్పిన సరుకు పెట్టే చోటు స్టోర్స్‌లో ఒక మూల ఉంది. చుట్టూ ఇనుప జాలీ, ఒక తలుపు, దానికో తాళం. పనివాళ్ళు దాన్ని ‘జైలు’ అంటారు. తాళంచెవి పక్కనే మేకుకి వేలాడుతోంది.

స్టోర్‌కీపర్ లేడు కనక ప్యాకింగ్ మేస్త్రీని తెచ్చి అక్కడ కూర్చోబెట్టారు. డిటెక్టివ్ అడగగానే అతను లేచి జైలు తలుపు తీశాడు.

లోపల ఖాళీ.

ఆమె వంగి నేల చూసింది. దుమ్ములో పెట్టెలు పెట్టిన చోట నలుచదరపు మచ్చలు శుభ్రంగా కనబడుతున్నాయి. గోడ వారగా ఎర్ర కాగితం తునకలు, ఉంగరాల్లా చుట్టుకుపోయి ఉన్నాయి. ఒకటి తీసి వేళ్ళ మధ్య సాగదీసింది. జిగురు ఇంకా ఎండలేదు.

“ఈ స్టిక్కర్లు ఎవరు గీకారు?”

“నేనే మేడమ్” అన్నాడు మేస్త్రీ, ఏమాత్రం తడుముకోకుండా. “శుక్రవారం పొద్దున కంప్యూటర్ తెరిస్తే ఇవి పాస్ అని చూపించింది. స్ప్రింగులు లేవని సర్వీసువాళ్ళు నెత్తినెక్కి కూర్చున్నారు. సరే, రాక్‌లోకి ఎక్కించి పచ్చ స్టిక్కర్లు వేశాను.”

“లిఫ్టు పడింది ఏ స్ప్రింగులవల్లో నీకెవరూ చెప్పలేదా?”

“మాకెవరు చెప్తారు మేడమ్? స్టోర్‌కీపర్‌ని పోలీసులు తీసుకుపోయారు, నువ్వు కూర్చో అన్నారు. కూర్చున్నాను.”

“రాక్‌లో ఇప్పుడెన్ని ఉన్నాయి?”

అతను వెళ్ళి చూసొచ్చాడు. నడక చూడగానే ఆమెకి సంగతి తెలిసిపోయింది.

“లేవు మేడమ్. నిన్ననే సర్వీసువాళ్ళు బండేసుకొచ్చి పట్టుకెళ్ళారు. మన ఆఫీసు లిఫ్టు సర్వీసుకని ఫిట్టర్ కూడా నాలుగు...” మాట సగంలో ఆగింది. అతను ఖాళీ జైలుని చూశాడు. ఆమె చేతిలోని ఎర్ర తునకని చూశాడు. “మేడమ్, ఇవి అవేనా?”

“అవే.”

మేస్త్రీ అట్టపెట్టె మీద కూలబడ్డాడు. పెట్టె ఒక పక్కకి నలిగిపోయింది. అతనికి తెలియలేదు.

“నీ తప్పేం లేదు” అంది డిటెక్టివ్. ఉద్యోగంలో ఈ మాట ఎన్నిసార్లు అందో లెక్కలేదు. అవతలివాళ్ళు నమ్మింది ఒక్కసారి కూడా లేదు. “లే. సర్వీసు సూపర్‌వైజర్‌కి ఫోన్ చెయ్యి. ఎత్తేదాకా చేస్తూనే ఉండు. పచ్చ స్టిక్కరు స్ప్రింగు ఒక్కటి కూడా ఎక్కడా బిగించకూడదని చెప్పు.”

తర్వాత నేరుగా ఆఫీసు లిఫ్టు దగ్గరికి వెళ్ళింది. అది కిందే ఉంది. లోపల ఎవరూ లేరు. సెక్యూరిటీ అతను కూర్చునే స్టూలు లాగి తలుపుల మధ్య అడ్డం పెట్టించి, మెయిన్ స్విచ్చు కట్టేయించింది. ఆ తర్వాతే మూడో అంతస్తుకి ఫోన్ చేసింది. తుంటి ఆపరేషన్ అయ్యాక పెద్దాయన మెట్లు దిగలేడు.

“మీరు గదిలోంచి కదలకండి. ఎవరు పిలిచినా రాకండి.”

“నన్నిప్పుడు పిలిచేవాళ్ళెవరున్నారమ్మా” అన్నాడాయన. 

దారిలో సిస్టమ్స్ మేడమ్ ఎదురొచ్చింది. మిగతా స్ప్రింగులు ఏ బిల్లు మీద, ఏ చిరునామాకి వెళ్ళాయో వెతికిపట్టే పని ఈ సాఫ్ట్‌వేర్ చేయగలదా అని అడిగింది డిటెక్టివ్.

“చేస్తుంది మేడమ్. అదీ తాళం తీయని గదే. ఇన్నేళ్ళూ బిల్లుల కోసమని కొట్టిన నంబర్లన్నీ అందులోనే ఉన్నాయి. కాస్త టైమివ్వండి.”

“ఇవ్వడానికి నా దగ్గర లేదు. తొందరగా కానివ్వండి.”

*

మీటింగ్ గదిలో ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకరు అల్లుడుగారు. మెత్తని మనిషి, గొంతు పెంచడు. రెండోవాడు అతను పెట్టుకున్న దర్యాప్తు సంస్థ యజమాని. పోలీసు శాఖలో పదకొండేళ్ళు ఈ డిటెక్టివ్ చేతి కిందే పనిచేశాడు. శవాన్ని బావిలోంచి తీసినా చొక్కా నలగదని అప్పట్లో అతనికి ‘ఇస్త్రీ’ అని పేరు పెట్టారు. ఇవాళ కూడా నలగలేదు.

“ఇంకా తిరుగుతున్నారా అక్కా? మోకాలు ఎలా ఉంది?”

“నాతోనే ఉంది.”

“నా రిపోర్టు అయిపోయింది. పాత సాఫ్ట్‌వేరు, పాత మనుషులు. ఏ పెట్టె ఎక్కడికి వెళ్ళిందో ఈ సిస్టమ్‌లో కనుక్కోవడం కుదరదని రాశాను. కొత్తది పెట్టాల్సిందే. ఇక స్టోర్‌కీపర్ సంగతి కోర్టు చూసుకుంటుంది.”

“కుదరదని నీకెవరు చెప్పారు?”

“వివరాలన్నీ అల్లుడుగారే ఇచ్చారు.”

“సాఫ్ట్‌వేర్ నడిపే మనిషి మెట్ల కిందే కూర్చుంటుంది. ఆవిణ్ణి అడిగావా?”

“ఆ అవసరం రాలేదక్కా.”

“నేను నేర్పిన పని ఇదేనా?”

అతని దవడ బిగుసుకుంది. “మీరు నేర్పింది జీతానికి చేసే పని. నాకిప్పుడు నలభైమందికి జీతాలిచ్చే పని. గుమ్మం గుమ్మం తట్టుకుంటూ కూర్చుంటే నాకు నడవదు. మీకు నచ్చినా నచ్చకపోయినా సోమవారం చార్జిషీటు పడుతుంది.”

మామూలుగా అయితే గట్టిగా జవాబిచ్చేది. ఇవాళ ఓపిక లేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, అల్లుడుగారి వైపు తిరిగింది.

“పెద్దాయన్ని కూడా రమ్మన్నాను. నాలుగు మాటలు అందరి ముందూ అనుకుంటే మంచిది. లిఫ్టులో వచ్చేస్తానన్నారు.”

“మంచిదే” అన్నాడు అల్లుడుగారు.

“నాకే కొంచెం భయమేసింది, ఈ గొడవల్లో లిఫ్టేమిటని. కానీ నిన్ననే సర్వీసు చేశారట. స్టోర్స్‌లో రాక్ మీదున్న స్ప్రింగులే వేశారని ఫిట్టర్ అన్నాడు. పచ్చ స్టిక్కరువే.”

“పచ్చ స్టిక్కరంటే పాసైనవే కదక్కా” అన్నాడు ఇస్త్రీ విసుగ్గా. “భయం దేనికి?”

నీళ్ళ గ్లాసు అందుకోబోయిన అల్లుడుగారి చెయ్యి బల్ల మీదే ఉండిపోయింది.

“ఆ స్టిక్కర్లు ఎప్పుడు వేశారు?” అన్నాడు చివరికి.

“శుక్రవారం పొద్దున.”

అతను దిగ్గున లేచాడు. లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. ఫోన్ చెవికి ఆనించుకుని అప్పటికే తలుపు దగ్గరికి నడుస్తున్నాడు. “మావయ్యా, లిఫ్టెక్కకండి. ఎక్కకండి మావయ్యా, నేనే పైకొస్తున్నాను...”

“వచ్చి కూర్చోండి” అంది డిటెక్టివ్. “లిఫ్టు ఎప్పుడో ఆపేశాం. ఆయన గదిలోనే ఉన్నారు.”

అతను తలుపు పట్టుకుని నిలబడిపోయాడు.

“దర్యాప్తులు చేసి తల నెరిసినవాడు ఇతను. పచ్చ స్టిక్కరు వింటే ఇతనికే భయమెయ్యలేదు. మీకెందుకు వేసింది? జైల్లో ఉండాల్సినవి రాక్ మీదికి వచ్చాయని, వాటిని పాస్ చేసిన మనిషికి తప్ప ఎవరికి తడుతుంది?”

ఆమె ఇస్త్రీ వైపు చూడకుండానే అతని ముందుకి ఒక కాగితం తోసింది. “బటన్ నొక్కిన అసలు టైము. ఆ సాయంత్రం స్టోర్‌కీపర్ స్టేషన్లో ఉన్నాడు.”

ఇస్త్రీ చదివాడు. మళ్ళీ చదివాడు.

అల్లుడుగారు పడిపోయిన కుర్చీ ఎత్తి నిలబెట్టాడు కానీ అందులో కూర్చోలేదు. “నర్సింగ్ హోమ్‌వాళ్ళు గంటకోసారి ఫోను. రోగుల్ని మెట్ల మీద మోస్తున్నామని తిట్లు. స్టోర్‌కీపర్ ఇవ్వనన్నాడు. భోజనానికెళ్ళినప్పుడు తాళం నేనే తీసి ఆరు పంపించాను. తనిఖీలో విరిగింది రెండేగా, మిగతావి బాగానే ఉంటాయిలే అనుకున్నాను.”

“గురువారం?”

“ఎంట్రీ లేకుండా సరుకు ఎలా వెళ్ళిందని అడుగుతారని... పాస్ ఆ ఆరు స్ప్రింగులకే పడుతుందనుకున్నాను. మిగతావి జైల్లోనే ఉన్నాయనుకున్నాను. నిజంగా.”

నిజమేనని ఆమెకి తెలుసు. అందుకే ఇంకా నీరసమొచ్చింది. దుర్మార్గుడైతే కనీసం కోపం తెచ్చుకోవచ్చు.

తలుపు తోసుకుని సిస్టమ్స్ మేడమ్ లోపలికొచ్చింది. చేతిలో తెరిచిన ల్యాప్‌టాప్. వెనకే ప్యాకింగ్ మేస్త్రీ.

“దారి దొరికింది మేడమ్. ఏ స్ప్రింగు ఏ చిరునామాకి వెళ్ళిందో మొత్తం వచ్చింది.” ఊపిరి తీసుకుంది. “పన్నెండు లిఫ్టులు.”

“సూపర్‌వైజర్ ఏమన్నాడు?”

“మూడింటికి ఇంకా బిగించలేదట, ఆపేశారు” అన్నాడు మేస్త్రీ. “తొమ్మిదింటికి నిన్న సాయంత్రమే అయిపోయింది మేడమ్.”

కుదరదని రాసిన రిపోర్టు బల్ల మీద అట్టతో సహా అలాగే ఉంది. దాన్ని ఎవరూ చూడలేదు. ఇస్త్రీ లేచాడు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడుచుకున్నాడు. ఆ పని అతను చేయగా ఆమె ఎన్నడూ చూడలేదు.

“సగం నాకివ్వండి అక్కా.”

ప్రతి చిరునామా పక్కనా అక్కడి మనిషి ఫోన్ నంబరుంది. అదీ ఎవరో గుమస్తా ఎందుకో తెలియకుండానే కొట్టిపెట్టిందే. తలా నాలుగు పంచుకున్నారు, మిగిలింది సిస్టమ్స్ మేడమ్ తీసుకుంది. అల్లుడుగారు కిటికీ దగ్గర నిలబడి పోలీసులకి తనే ఫోన్ చేస్తున్నాడు.

డిటెక్టివ్ మొదటి నంబరుకి చేసింది. వాచ్‌మన్ ఎత్తి, కరెంటు లేక పొద్దుట్నుంచీ లిఫ్టు ఆగే ఉందన్నాడు. మెయిన్ కట్టేసి తలుపుకి అడ్డం ఏదైనా పెట్టమంది. రెండోది ఒక ఆఫీసు. అక్కడా ఆపేశారు. మూడోది ఆరంతస్తుల అపార్ట్‌మెంటు. సంఘం కార్యదర్శి నంబరు. ఒక ఆడమనిషి ఎత్తింది.

“గట్టిగా చెప్పండి. లిఫ్టులో ఉన్నాను, సరిగ్గా వినబడట్లేదు.”

డిటెక్టివ్ గొంతు పెంచలేదు. పెంచితే అవతలి మనిషి కంగారు పడుతుంది.

“ఏ అంతస్తు నొక్కారమ్మా?”

“ఆరు. ఎవరండీ మాట్లాడేది?”

“లిఫ్టు కంపెనీ నుంచి. ఇప్పుడు రాబోయే అంతస్తు నొక్కి, అక్కడ దిగిపోండి. ఫోన్ పెట్టకండి. ముందు నొక్కండి.”

బటన్ చప్పుడు. తర్వాత ఏదో ఒరుసుకుపోతున్న శబ్దం. గదిలో మిగతావాళ్ళ మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఫోన్లో గంట మోగింది. తలుపులు తెరుచుకున్నాయి, చెప్పుల చప్పుడు.

“దిగానండీ. నాలుగో అంతస్తు. ఏమైందసలు?”

డిటెక్టివ్ కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. “ఏం కాలేదమ్మా. ఆ తలుపులకి అడ్డం...”

“అయ్యో, మూసుకున్నాయే” అంది ఆవిడ. “అత్తయ్య లోపలే ఉండిపోయారు. వీల్‌చైర్‌లో.”